హ్యాంగర్‌లో ఏఐ: మొదలు పెట్టాల్సింది స్టోర్స్ కిటికీ దగ్గర

భారీ తనిఖీకి వచ్చిన విమానం హ్యాంగర్‌లో అనుకున్నదానికంటే వారం ఎక్కువ ఉండిపోయిందంటే, ఆ వారమంతా స్పానర్ పట్టుకుని చేసే పనికే పట్టిందనుకోవద్దు. పార్టు కోసం ఎదురుచూడటం, మాన్యువల్‌లో సరైన పేజీ వెతకడం, ఒకే లోపాన్ని మూడు చోట్ల ఎక్కించడం, సంతకం పడని కార్డుల కోసం తిరగడం... షిఫ్టులు ఇలాగే కరిగిపోతాయి. మరమ్మతు సంస్థలు మాత్రం ఏఐ అనగానే ఇంజిన్ లోపలి పగుళ్లు పట్టే కెమెరాల వైపు, విమానం చుట్టూ ఎగిరే డ్రోన్ల వైపు చూస్తున్నాయి. మొదటి పెట్టుబడి పెట్టాల్సింది అక్కడ కాదు, విడిభాగాలు ఉంచే స్టోర్స్‌లోనూ ప్లానింగ్ బల్ల మీదా అని మా అభిప్రాయం.

విమానాన్ని విప్పి చేసే భారీ తనిఖీ అయిన సీ-చెక్ లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. ముందే రాసి ఉన్న టాస్క్ కార్డులకు (చేయాల్సిన పనుల పత్రాలకు) ఎన్ని గంటలు పడతాయో అందరికీ తెలుసు. తెలియనిది ప్యానెళ్లు విప్పాక బయటపడే పని. గ్యాలీల (విమానంలోని వంటగదుల) కింద, టాయిలెట్ల కింద ఫ్లోర్ బీములకు తుప్పు పడుతుంది. నీరు, కారిపోయిన ద్రవాలు చేరేది అక్కడే కాబట్టి. ఒక్కో బీముకు ఒక నాన్-రొటీన్ కార్డు (ముందు అనుకోని పనికి రాసే పత్రం) తెరుస్తారు. దానికి కావలసిన భాగం స్టోర్స్‌లో లేకపోతే విమానం జాకుల మీదే ఉండిపోతుంది. ధర ముందే ఖరారు చేసుకున్న ఒప్పందమైతే సంస్థ లాభం అక్కడే హరించుకుపోతుంది. విమానం వయసు, సైకిళ్లు (ఎన్నిసార్లు ఎగిరి దిగిందన్న లెక్క), అదే రకం విమానాల్లో గతంలో దొరికిన లోపాలు చూసి, ఈసారి ఏ భాగాలు అవసరమయ్యే అవకాశం ఉందో రాక ముందే జాబితా ఇవ్వడం ఏఐ చక్కగా చేయగల పని. అంచనా తప్పితే ఒక పార్టు అరలో పడి ఉంటుంది, విమాన భద్రతకు వచ్చే ముప్పేమీ లేదు. తప్పు ఖరీదు ఇంత తక్కువగా ఉన్నచోటే కొత్త పరికరాన్ని పరీక్షించుకోవాలి.

అయితే పాత రికార్డుల స్థితి చూశాక ఉత్సాహం సగం తగ్గుతుంది. ఒకే సీల్ నంబరు ఒకచోట హైఫన్‌తో, ఇంకోచోట హైఫన్ లేకుండా, మరోచోట సున్నా బదులు ఓ అక్షరంతో ఉంటుంది. ఒకరు ‘ఎల్‌హెచ్ ఎంఎల్‌జీ స్ట్రట్ లీక్’ అని రాస్తే, మరొకరు ‘ఎడమ మెయిన్ గేర్ ఆయిల్ కారుతోంది’ అని, ఇంకొకరు ‘లెఫ్ట్ ఓలియో వీపింగ్’ అని రాస్తారు. మూడూ ఒకటే, మూడూ విమాన వ్యవస్థలకు అధ్యాయాల వారీగా నంబర్లిచ్చే ఏటీఏ పద్ధతిలో ల్యాండింగ్ గేర్‌కు సంబంధించిన 32వ అధ్యాయం కిందికే రావాలి. ఆయిల్ అనే మాట చూసి ఎవరో హైడ్రాలిక్స్ అధ్యాయమైన 29లో వేసి ఉంటారు. ఇలాంటి చెదురుమదురు రాతను ఒక దారికి తేవడంలో భాషా నమూనాలు (రాతను చదివి, రాయగల ఏఐ) నిజంగా పనికొస్తాయి. ముందుగా 500 పాత కార్డులు తీసి, ఇద్దరు అనుభవజ్ఞులైన ఇంజనీర్లతో విడివిడిగా అధ్యాయం కోడ్ వేయించాలి. వాళ్లిద్దరికీ ఏకాభిప్రాయం లేని చోట ముందు నియమం తేల్చుకోవాలి. ఆ తర్వాతే యంత్రానికి పరీక్ష. ఇద్దరు మనుషులు తేల్చుకోలేనిదానికి యంత్రాన్ని తప్పుపట్టి లాభం లేదు.

చరిత్ర నుంచి నేర్చుకునే యంత్రానికి చరిత్రే తప్పయితే ఏమవుతుందన్న ప్రశ్న ఇంతకంటే లోతైనది. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా కెప్టెన్ ముందున్న విండ్‌స్క్రీన్ ఊడిపోయింది. ఆయన శరీరం సగం బయటికి పోయింది. సిబ్బంది పట్టుకుని ఉండటంతో బతికి బయటపడ్డారు. అంతకుముందే మార్చిన ఆ అద్దానికి వేసిన 90 బోల్టుల్లో 84 బోల్టుల వ్యాసం 0.026 అంగుళం తక్కువ. మిగతా ఆరింటి వ్యాసం సరిపోయింది కానీ పొడవు 0.1 అంగుళం తక్కువ. విడిభాగాల కేటలాగ్ చూడకుండా, ఊడదీసిన పాత బోల్టులతో పోల్చి కొత్తవి ఎంచుకోవడమే కారణం. దీనిలో మెలిక ఏమిటంటే, ఆ పాత బోల్టులు కూడా సరైన రకం కావు. ఉండాల్సింది 8డీ రకం బోల్టు, ఉన్నవి పొట్టివైన 7డీ రకం. అవి ఊడకుండా అన్నాళ్లూ నడిచాయంతే.

ఈ రోజు అదే స్టోర్స్‌లో ‘ఈ పనికి గతంలో ఏ పార్టు వాడారు’ అన్న రికార్డులతో శిక్షణ పొందిన ఏఐ ఉంటే, అది 7డీనే ధీమాగా సూచించేది. అందుకే పార్టు సూచించే ఏ వ్యవస్థకైనా ఒక్క కట్టుబాటు తప్పనిసరి: వాడకం చరిత్ర నుంచి ఎంత నిల్వ ఉంచాలో మాత్రమే నేర్చుకోవాలి. ఏ పార్టు వేయాలన్నది ఆ విమానానికి వర్తించే తాజా కేటలాగ్ నుంచే రావాలి. రెండూ విభేదిస్తే ఒకదాన్ని ఎంచుకునే అధికారం సాఫ్ట్‌వేర్‌కు ఉండకూడదు. పని ఆగాలి, క్వాలిటీ విభాగానికి కబురు వెళ్లాలి.

మాన్యువల్‌ను ప్రశ్నలడిగి జవాబు పొందే చాట్ సాధనాలదీ ఇదే కథ. ‘ఈ నట్‌కు టార్క్ (బిగించే బలం) ఎంత?’ అని అడిగితే ఒక అంకె వస్తుంది. ఆ అంకె ఏ సీరియల్ నంబరు విమానాలకు? తయారీదారు పంపే మార్పుల సూచన అయిన సర్వీస్ బులెటిన్ అమలయ్యాక ఉన్నదా, ముందుదా? నిన్న వచ్చిన తాత్కాలిక సవరణ అందులో చేరిందా? యూనిట్ అంగుళం-పౌండా, అడుగు-పౌండా? యూనిట్ తారుమారైతే బలంలో 12 రెట్ల తేడా. సారాంశం చేసేటప్పుడు భాషా నమూనా ‘హెచ్చరిక’ అన్న పెట్టెలోని వాక్యాన్ని వదిలేసే ప్రమాదం ఉంది, ఎందుకంటే అది అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబు కాదు. కాబట్టి సాధనం జవాబు చెప్పనక్కరలేదు. విమానం రిజిస్ట్రేషన్ తీసుకుని, దానికి వర్తించే అసలు పేజీని తెరిచి చూపిస్తే చాలు. వెతకడానికి పట్టే ఇరవై నిమిషాలు ఆదా అవుతాయి, చదివే బాధ్యత మెకానిక్ దగ్గరే ఉంటుంది. ఇంకో మాట: తయారీదారు మాన్యువల్‌ను బయటి ఏఐ సేవలోకి ఎక్కించే ముందు లైసెన్స్ ఒప్పందం చదువుకోవాలి.

ఇక బోరోస్కోప్. కెమెరా కొసను సన్నని రంధ్రంలోంచి పంపి, రోటర్‌ను మెల్లగా తిప్పుతూ ఒక్కో టర్బైన్ బ్లేడును తెర మీద చూస్తారు. బ్లేడు అంచున మసి గీత, కూలింగ్ రంధ్రం దగ్గర రాలిన పూత, వెలుగు పడి మెరిసిన చోటు, ఇవన్నీ పగుళ్లలాగే కనిపిస్తాయి. ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. 1000 బ్లేడుల్లో 10 నిజంగా దెబ్బతిన్నాయి. ఏఐ 90 శాతం లోపాలు పడుతుంది, మంచి బ్లేడుల్లో 5 శాతాన్ని పొరపాటున లోపమంటుంది. అప్పుడు మొత్తం దాదాపు 59 హెచ్చరికలు వస్తాయి, వాటిలో నిజమైనవి 9. మిగతా 50 కొట్టేసే క్రమంలో ఇన్‌స్పెక్టర్ చెయ్యి అలవాటుగా ‘కాదు’ నొక్కేస్తుంది. మరి తప్పిపోయిన ఆ పదో బ్లేడు? యంత్రం చూసిందిలే అన్న నమ్మకంతో అదీ దాటిపోతుంది. విమానాశ్రయాల్లో బ్యాగుల ఎక్స్‌రే తెరల మీద అప్పుడప్పుడూ ఉత్తుత్తి ఆయుధాల బొమ్మలు వేసి సిబ్బంది శ్రద్ధను పరీక్షిస్తారు. శిక్షణ తెరల మీద తెలిసిన పగుళ్ల చిత్రాలు కలిపి ఇక్కడా అదే పని చేయొచ్చు. ముందు మనిషి చూసి రాసుకోవాలి, ఆ తర్వాతే యంత్రం అభిప్రాయం తెరుచుకోవాలి. వరుస మారితే రెండు జతల కళ్లకు బదులు ఒకటిన్నరే మిగులుతాయి.

సెన్సార్ల డేటాతో చెడిపోబోయే భాగాన్ని ముందే కనిపెట్టడం గురించి చాలామంది రాశారు, కాబట్టి ఒక్క విషయం చాలు. ఇంజిన్ నుంచి గాలి తీసే బ్లీడ్ వాల్వ్ పాడవుతోందని హెచ్చరిక వస్తే విప్పి పంపుతారు, మరమ్మతు షాపు ‘లోపం దొరకలేదు’ అని తిప్పి పంపుతుంది. తప్పు వాల్వ్‌ది కాదు, సెన్సార్‌ది. విప్పిన ప్రతి భాగానికీ షాపు చెప్పిన ఫలితం మళ్లీ నమూనాకు చేరకపోతే, అది అదే పొరపాటు ఏళ్ల తరబడి చేస్తుంది.

పత్రాల తనిఖీ మాత్రం రేపే మొదలుపెట్టదగ్గ పని. 2023లో సీఎఫ్ఎం56 రకం విమాన ఇంజిన్లలోకి నకిలీ విడుదల పత్రాలతో (భాగం వాడకానికి పనికొస్తుందని చెప్పే సర్టిఫికెట్లతో) భాగాలు చేరిన వ్యవహారం బయటపడి, ఎన్నో ఎయిర్‌లైన్లు తమ ఇంజిన్లలో ఆ భాగాల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. సర్టిఫికెట్ మీది సీరియల్, తేదీ, సంతకం శైలి పాత వాటితో పోల్చి అనుమానాస్పదమైనవి పక్కన పెట్టడం యంత్రానికి తేలిక. అసలుదా కాదా తేల్చడానికి మాత్రం పత్రం జారీచేసిన సంస్థకు నేరుగా ఫోన్ చేయాలి, అదీ పత్రం మీద ఉన్న నంబరుకు కాదు.

విమానాన్ని సేవకు విడుదల చేసే సంతకం లైసెన్స్ ఉన్న ఇంజనీర్‌దే. 2023 మేలో యూరప్ విమాన భద్రతా సంస్థ ఈఏఎస్ఏ ప్రకటించిన ఏఐ రోడ్‌మ్యాప్ 2.0 ఏఐని మూడు స్థాయులుగా విభజించింది: మనిషికి సాయం, మనిషితో కలిసి పని, ఉన్నత స్థాయి ఆటోమేషన్. ఇక్కడ చెప్పుకున్నవన్నీ మొదటి స్థాయిలోనే ఉండాల్సినవి. హ్యాంగర్‌లో టార్క్ రెంచ్ మీద క్యాలిబ్రేషన్ (కొలత సరిచూసే) గడువు స్టిక్కర్ ఉంటుంది, గడువు దాటితే దాన్ని ఎవరూ ముట్టరు. క్లౌడ్‌లో నడిచే ఏఐ నమూనాను మాత్రం విక్రేత రాత్రికి రాత్రి మార్చేస్తే షిఫ్టులో ఎవరికీ తెలియదు. కాబట్టి జవాబులు తెలిసిన 200 చిత్రాలు, 200 కార్డులు తాళం వేసి ఉంచుకోవాలి. వెర్షన్ మారిన ప్రతిసారీ వాటిమీద నడిపి, ఫలితం రాసి, తేదీ వేసి, పనిముట్ల గది (టూల్ క్రిబ్) రిజిస్టర్‌లో రెంచ్‌ల పక్కనే ఎక్కించాలి. ఆ పరీక్షకు వీలుగా ముందే చెప్పకుండా వెర్షన్ మార్చబోమని ఒప్పందంలో రాసివ్వని విక్రేత దగ్గర కొనకూడదు.