డాక్స్ చదివే వాళ్లపై చర్యలు తీసుకోవాలి

మన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఈ మధ్య ఒక దురలవాటు చాపకింద నీరులా పాకుతోంది. కోడ్‌లో ఏదన్నా తేడా వస్తే కొందరు కుర్రకారు నేరుగా ఆ లాంగ్వేజీ తయారుచేసిన వాళ్లే రాసిపెట్టిన డాక్స్ (దాన్ని ఎలా వాడాలో చెప్పే వివరణలు) తెరిచి చదివేస్తున్నారు. అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు. దీనివల్ల జరిగే నష్టం ఎంతటిదో పెద్దలకు తెలిసినట్టు లేదు. అందుకే ఒక్క కేసు వివరంగా మనవి చేస్తాను.

బిల్లింగ్ ప్రాజెక్టు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజీలో రాసింది. మొత్తాల్లో పైసా తేడా వస్తోంది. 2.675ని రెండు దశాంశ స్థానాలకు రౌండ్ చేస్తే 2.68 రావాలని బడిపిల్లలు కూడా చెబుతారు. పైథాన్ మాత్రం 2.67 అని భీష్మించుకుని కూర్చుంది. క్లయింటు మెయిల్ పెట్టాడు. సీసీలో మేనేజరుగారు, ఆయన పైఆయన, ఆ పైఆయన.

ఇలాంటి సమయాలకు మనకొక సంప్రదాయం ఉంది. ముందుగా టీమ్ లీడ్ గూగుల్‌లో "పైథాన్ రౌండ్ నాట్ వర్కింగ్ అర్జెంట్" అని కొడతాడు. (అర్జెంట్ అని రాస్తే జవాబు తొందరగా వస్తుందని మావాళ్ల గట్టి నమ్మకం.) ఏ కాలంనాటిదో ఒక జవాబు దొరుకుతుంది. అందులో 2.5ని రౌండ్ చేస్తే 3 వస్తుందని ఉంది. మన దగ్గర 2 వస్తోంది. అంటే ల్యాప్‌టాప్ పాడైందన్నమాట, ఐటీ సపోర్టుకు టికెట్ వేయాలి. ఈలోగా ఇంకొకాయన యూట్యూబ్ వీడియో పెడతాడు. సగం దాకా సబ్‌స్క్రైబ్ చేసుకోమనే ప్రార్థనే. మరొకరు చాట్‌బాట్‌ని అడిగితే అది రౌండ్‌కు "మోడ్" అనే మూడో ఆర్గ్యుమెంట్, అంటే ఇంకో అదనపు విలువ, ఇమ్మంది. ఇస్తే ఎర్రర్. అలాంటిదేమీ లేదట కదా అని నిలదీస్తే, "క్షమించండి, మీరన్నది అక్షరాలా నిజం" అని ఒప్పుకుని ఇంకోటి కల్పించింది. అంత మర్యాద మన ఇళ్లలో కొత్తల్లుడికి కూడా దక్కదు. సాయంత్రానికి కాల్. ప్రతి మొత్తానికీ 0.001 కలిపేద్దామని తీర్మానం.

సరిగ్గా అప్పుడు, కొత్తగా చేరిన అమ్మాయి మైక్ ఆన్ చేసింది. "అన్నా, డాక్స్‌లో దీనిమీద నోట్ ఉంది. చదవనా?"

ఎవరూ కిక్కురుమనలేదు. చదివేసింది. రౌండ్ ఫంక్షన్ కిందే, సాక్షాత్తూ ఇదే 2.675 ఉదాహరణతో రాసి ఉంది: ఇది బగ్ కాదు, చాలా దశాంశ భిన్నాలు ఫ్లోట్‌లో (కంప్యూటరు దశాంశాలను దాచుకునే మామూలు పద్ధతిలో) కచ్చితంగా ఇమడవు అని. లోపల దాచుకున్న విలువ 2.675 కంటే వెంట్రుకవాసి తక్కువ కాబట్టి కిందికి జారిందట. సరిగ్గా సగంలో ఉంటే సరిసంఖ్య వైపు వెళ్తుందని కూడా అక్కడే ఉంది, 2.5 రెండవుతుంది, 3.5 నాలుగవుతుంది. డబ్బు లెక్కలకు పైథాన్‌తోనే వచ్చే డెసిమల్ అనే మాడ్యూల్ (రెడీమేడ్ కోడ్ మూట) ఉంది, సగాన్ని పైకి పంపే పద్ధతి అందులో ఉంది. కాకపోతే సంఖ్యను కోట్స్‌లో పెట్టి ఇవ్వాలి, ఫ్లోట్‌గా ఇస్తే పాత రోగమే. మరి ఆ పాత జవాబో? అదీ అబద్ధం కాదు. పైథాన్ 2లో 3 వచ్చేది, పైథాన్ 3లో పద్ధతి మార్చారు. పైథాన్ 2కి 2020 జనవరి 1తో నీళ్లొదిలేశారు. "పేజీ పైన వెర్షన్ ఉంటుందన్నా, ముందు అది చూసుకోవాలి" అంది. ఇంత సర్వీసు చేసి వెర్షన్ చూసుకుని చదవాలట మేము!

సమస్య అక్కడికక్కడే తీరిపోయింది. ఇప్పుడు నష్టం లెక్క కట్టండి. మర్నాటి ఫాలో-అప్ కాల్ రద్దు. సమస్య తేలేదాకా అందరూ కూర్చునే వార్ రూమ్‌కు కంపెనీ ఖర్చు మీద రావలసిన బిర్యానీ రద్దు. శని ఆదివారాలు కూర్చుని గట్టెక్కించామని అప్రైజల్‌లో రాసుకునే భాగ్యం లీడ్‌గారికి లేకుండా పోయింది. పాపం, ఆయనకు ఇద్దరు పిల్లలు.

ఆమె పద్ధతులపై విచారణ జరిపాం. ఒళ్లు గగుర్పొడిచింది. చాలాసార్లు బ్రౌజరే తెరవదట. పైథాన్ ప్రాంప్ట్ దగ్గర హెల్ప్ అని రాసి బ్రాకెట్లలో ఫంక్షన్ పేరు పెడుతుంది, అంతే. ఎర్రర్ వస్తే ఆ చాంతాడంతా కాపీ కొట్టదు. చివరి లైను తీసుకుని, అందులో మన ఫైలు పేర్లు, వేరియబుల్ పేర్లు కొట్టేసి వెతుకుతుంది. అన్నిటికన్నా ఘోరం, డాక్స్‌లో ఫంక్షన్ మొదటి లైను, అంటే దానికి ఏమేం ఇవ్వాలో చెప్పేది, పూర్తిగా చదువుతుంది. వరుసలో పేర్చే సార్టెడ్ ఫంక్షన్ లైనులో మధ్యలో ఒక వాలుగీత, ఒక నక్షత్రం గుర్తు ఉంటాయి. మేమంతా వాటిని అచ్చుతప్పులనుకుని పెద్దమనసుతో క్షమించేశాం. గీతకు ముందున్న దాన్ని పేరు పెట్టకుండా ఇవ్వాలట, నక్షత్రం తర్వాతవి పేరు పెట్టే ఇవ్వాలట. వరుస తిరగేయమనడానికి రివర్స్ అని రాయకుండా ఉత్త ట్రూ ఇస్తే అది ఎందుకు కసురుకుందో ఆ గుర్తులోనే ఉంది. అలాగే, లిస్టుకు సార్ట్ కొట్టి ఫలితాన్ని మళ్లీ అదే పేరులో పెట్టి, లిస్టు మాయమై నన్ (None, అంటే ఏమీ లేదు) మిగిలిందని గుండెలు బాదుకునే వాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. సార్ట్ ఉన్న లిస్టునే మారుస్తుంది, ఆ సంగతి గుర్తుచేయడానికే ఏమీ తిరిగివ్వదు అని కారణంతో సహా రాసిపెట్టారట. ఎవరు చదవమన్నారు?

ఈ జాడ్యం ఇవాళ్టిది కాదు. 1971 నవంబరు 3న కెన్ థామ్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువల్ తొలి ప్రతి తెచ్చి పెట్టారు. తమ ప్రోగ్రాముల్లోని లోపాలను "బగ్స్" అనే శీర్షిక కింద తామే అచ్చేసుకున్నారు! మన ఆఫీసుల్లో అలా రాసినవాడు ప్రొబేషన్ దాటగలడా? ఆ వారసత్వం ఇప్పటికీ నడుస్తోంది. మాన్యువల్ పేజీ కోసం మ్యాన్ ప్రింట్‌ఎఫ్ అని కొడితే షెల్ (ఆదేశాలు టైపు చేసే చోటు) కమాండు పేజీ వస్తుంది; సి లాంగ్వేజీలోని అదే పేరు ఫంక్షన్ కావాలంటే మధ్యలో 3 వేయాలి. ఈ 3 తెలియక షెల్ పేజీలో సి కోసం వెతికి, మాన్యువల్ తప్పని తేల్చిన ఆర్కిటెక్టులు మనలో ఉన్నారు. వాళ్ల ఆత్మగౌరవం మాటేమిటి?

అమీర్‌పేట సంగతి కూడా ఆలోచించాలి. కోచింగ్ సెంటర్ల మెటీరియల్ జిరాక్స్ తీసి స్పైరల్ బైండింగ్ చేసే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. అసలు పుస్తకం నెట్‌లో ఊరికే, అదీ ఏ వెర్షన్‌కు ఆ వెర్షన్, దొరుకుతుందని తెలిస్తే వాళ్ల నోట్లో మట్టే.

కాబట్టి డాక్స్ చదవడాన్ని వెంటనే నిషేధించాలి. కనీసం మేనేజరు రాతపూర్వక అనుమతి అయినా ఉండాలి. ఈ మేరకు పైథాన్ వాళ్లకే ఫిర్యాదు చేద్దామని వాళ్ల పేజీ అడుగుకు వెళ్లాను. "బగ్ కనిపించిందా?" అనే అర్థంలో ఒక లింకు ఉంది. నొక్కాను. బగ్‌ని ఎలా తెలియజేయాలో వివరించే డాక్స్ పేజీ తెరుచుకుంది.