భద్రావతి అనే ఆవుని ఏ షెల్ఫులో పెట్టాలి?

(బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగు బుక్ క్లబ్ ఆదివారం పెట్టిన వాదోపవాదం ఇది. విషయం సునీతి నామ్‌జోషీ. 1941లో బొంబాయిలో పుట్టి, ఐఏఎస్ అయ్యి, అది వదిలేసి కెనడాలో ఇంగ్లిష్ లిటరేచర్ పాఠాలు చెప్పి, లెస్బియన్‌నని దాచుకోకుండా రాస్తూ వచ్చిన ఆవిడ. ఫెమినిస్ట్ ప్రెస్సులు, అంటే ఆడవాళ్ళ రాతల కోసం పెట్టుకున్న ప్రచురణ సంస్థలు, ఆవిడకి మేలు చేశాయా, ఓ మూల కూచోబెట్టాయా అన్నది గొడవ. ఆంటీ గుంటూరులో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, అమ్మాయి ఒక పుస్తకాల కంపెనీలో మార్కెటింగ్ చేస్తుంది. టైమ్ చూడమని నాకు చెప్పారు గానీ నా మాట విన్నవాళ్ళు లేరు.)

అమ్మాయి: ముందే చెప్తున్నా ఆంటీ, నాకు ఆవిడ రాతంటే పిచ్చి, నా కంప్లయింట్ ఆవిడ మీద కాదు. 1981లో ఫెమినిస్ట్ ఫేబుల్స్ అనే నీతికథల పుస్తకం ఎవరేశారు, లండన్‌లో షీబా. 1985లో కాన్వర్సేషన్స్ ఆఫ్ కౌ ఎవరేశారు, ది విమెన్స్ ప్రెస్. 1989లో బికాజ్ ఆఫ్ ఇండియా, ఓన్లీవిమెన్ ప్రెస్. తర్వాత మెల్‌బోర్న్‌లో స్పినిఫెక్స్. అన్నీ ఫెమినిస్ట్ ప్రెస్సులే, ఒకే వీధిలో కొట్లలాగా. ఆ వీధికి వచ్చేవాళ్ళు ఆల్రెడీ ఒప్పుకున్నవాళ్ళే కదా, పంచతంత్రాన్ని తిరగేసి రాసిన మనిషిని పంచతంత్రం చదివే కోట్లమందికి దూరంగా పెట్టారు అంటున్నా నేను.

ఆంటీ: అంతకు ముందు ఎక్కడ వేశారో అది కూడా చెప్పు మరి. 1967లో మొదటి కవితల పుస్తకం కలకత్తా రైటర్స్ వర్క్‌షాప్‌లో వచ్చింది. అది ఫెమినిస్ట్ ప్రెస్ కాదు, మర్యాదైన సాహిత్య సంస్థ, మరి కోట్లమంది చదివారా? 1978-79లో యూనివర్సిటీకి సెలవు పెట్టి ఇంగ్లండ్ వెళ్ళింది, అక్కడ ఆడవాళ్ళ ఉద్యమం తగిలింది, ఆ తర్వాతే ఈ ఫేబుల్స్. అప్పుడే మొదలైన షీబా, ఆడవాళ్ళు కలిసి నడుపుకునే చిన్న సంస్థ, దీన్ని పుస్తకం అని గుర్తుపట్టింది. నీ మెయిన్‌స్ట్రీమ్ వాడు గుర్తుపట్టేవాడా?

అమ్మాయి: గుర్తుపట్టారు సరే, నిలబెట్టారా? షీబా 1994 కల్లా మూతపడింది. ది విమెన్స్ ప్రెస్ అంటారా, అట్ట మీద ఇస్త్రీపెట్టె బొమ్మ బావుంటుంది గానీ వెనక డబ్బు నయీమ్ అతల్లా అనే మగ వ్యాపారిది. విరాగో అనే ఇంకో ఫెమినిస్ట్ ప్రెస్‌ని 1995లో లిటిల్ బ్రౌన్ కొనేసింది. ప్రెస్ పోతే పుస్తకం పోతుంది ఆంటీ, ఔటాఫ్ ప్రింట్ అయితే రచయిత బతికుండగానే లేనట్టే, మా ఆఫీసులో నేను రోజూ చూసేది అదే.

ఆంటీ: ఫెమినిస్ట్ ఫేబుల్స్ పోయిందా? స్పినిఫెక్స్ వాళ్ళు 1993లో మళ్ళీ వేశారు కదమ్మా. ఒక ప్రెస్ చేతిలోంచి జారితే ఇంకో ప్రెస్ పట్టుకుంది, అదీ ఆడవాళ్ళదే. డబ్బు ఎవడిదైతే ఏంటి, రాతప్రతి చదివి ఔనన్నది ఎవరు అది చూడు. కాన్వర్సేషన్స్ ఆఫ్ కౌ కథ ఏంటో తెల్సుగా? కెనడాలో ఉండే ఒక లెస్బియన్ మేడమ్‌కి భద్రావతి అనే ఆవు కనిపిస్తుంది, ఆ ఆవు బ్రాహ్మణ ఆవు, పైగా లెస్బియన్, రూపాలు మారుస్తూ ఉంటుంది, ఇద్దరూ కులం, జాతి, ఆడామగా అన్నీ మాట్లాడుకుంటారు. దీన్ని పట్టుకుని 1985లో మన దేశంలో పెద్ద పబ్లిషర్ దగ్గరికెళ్తే టీ ఇచ్చి పంపేవాళ్ళు.

(ఇక్కడ వెనక వరసలో నవ్వులు. ఆవు బ్రాహ్మణ ఆవు అన్న దగ్గర ఒకాయన లేచి వెళ్ళిపోయారు, ఫోన్ వచ్చిందో కోపమొచ్చిందో.)

అమ్మాయి: టీ ఇచ్చేవాళ్ళేమో గానీ...

ఆంటీ: ఉండు నన్ను చెప్పనీ. 1986లో గిలియన్ హాన్స్‌కూమ్‌తో కలిసి ఫ్లెష్ అండ్ పేపర్ రాసింది, ఇద్దరాడవాళ్ళు ఒకరికొకరు రాసుకున్న కవితలు. ఆ రోజుల్లో మన తెలుగులో పరిస్థితేంటి? ఆడవాళ్ళు తమ ఒంటి గురించి నాలుగు కవితలు రాస్తేనే నీలి కవిత్వమని తిట్టారు, 1993లో ఫెమినిస్ట్ కవితల సంకలనానికి నీలిమేఘాలు అనే పేరు పెట్టుకుని మరీ వేశారు. 1998 డిసెంబర్‌లో, ఇద్దరాడవాళ్ళ ప్రేమ మీద తీసిన ఫైర్ సినిమా ఆడుతుంటే హాళ్ళు పగలగొట్టారు. 1999లో పెంగ్విన్ వాళ్ళు మన లెస్బియన్ల రాతల సంకలనం ఫేసింగ్ ద మిర్రర్ వేస్తే అందులో చాలామంది అసలు పేరు పెట్టుకోలేదు. స్వలింగ సంబంధాల్ని నేరమన్న సెక్షన్ 377 మన మీదనుంచి పోయింది 2018 సెప్టెంబర్‌లో. మరి నామ్‌జోషీ అన్నేళ్ళ ముందే సొంత పేరుతో ఎలా రాసింది? వెనక ఆ ప్రెస్సులుండబట్టే.

అమ్మాయి: సొంత పేరుతో రాసింది, దూరదేశంలో రాసింది, దూరదేశంలోనే అమ్ముడైంది. పోనీ ఒక పని చేద్దాం, ఈ గదిలో ఈ వారానికి ముందు ఆవిడ పేరు విన్నవాళ్ళు చెయ్యెత్తండి.

(ఒక్క చెయ్యే లేచింది, అదీ ఆంటీది.)

అమ్మాయి: చూశారా. ఆవిడ నాన్న మన పక్కనున్న ఈ హెచ్ఏఎల్‌లోనే టెస్ట్ పైలట్, 1953లో విమానం కూలి పోయారు. ఆవిడ చదువుకుంది మదనపల్లె రిషి వ్యాలీలో. ఇంత దగ్గరి మనిషి! కానీ ఇండియాలో పిల్లలకి ఆవిడ ఎలా తెలుసు? చెన్నైలో తూలిక వాళ్ళు అదితి కథలు వేశారు కాబట్టి. కోతీ, ఏనుగూ, చీమా వేసుకుని సాహసాలకెళ్ళే పిల్ల. అది పిల్లల పబ్లిషరు, లేబుల్ లేదు, ఇళ్ళల్లోకి పోయింది. నేను చెప్పేది ఎగ్జాక్ట్‌గా ఇదే.

ఆంటీ: అదితి మొదటి పుస్తకం ఎవరేశారు?

అమ్మాయి: ...

ఆంటీ: చెప్పు, గూగుల్ చెయ్యి కావాలంటే. 1986, షీబా. నువ్వు లేబుల్ లేని పుస్తకం అంటున్నావే, దాన్ని మొదట అచ్చేసింది నీ లేబుల్ కొట్టువాళ్ళే, ఆడవాళ్ళ కోసం పెట్టుకున్న ప్రెస్సులో కోతి బొమ్మల పుస్తకం!

(చప్పట్లు. నిజం చెప్పాలంటే నేనూ కొట్టాను, టైమ్ చూసేవాళ్ళు కొట్టకూడదట.)

అమ్మాయి: ఓకే ఆ పాయింట్ మీది, కానీ షీబా దాన్ని పుట్టించింది, ఇక్కడి పిల్లల చేతికి ఇచ్చింది తూలిక, రెండోది చిన్న పనా? పెద్దల రాతలేమో ఏరి కూర్చి ఢిల్లీలో జుబాన్ ద ఫ్యాబ్యులస్ ఫెమినిస్ట్ అని 2012లో వేసింది, ఫెమినిస్ట్ ఫేబుల్స్ వచ్చిన 31 ఏళ్ళకి. కాళీ ఫర్ విమెన్ అనే ఫెమినిస్ట్ ప్రెస్ ఢిల్లీలో 1984లోనే ఉంది కదా, దాన్నుంచి వచ్చిందే కదా ఈ జుబాన్, అప్పుడే ఎందుకు వెయ్యలేదు? మన ఫెమినిస్టులకి కూడా వరకట్నం, చావులు, చట్టాలు ముందొచ్చాయి, లెస్బియన్ల మాట తర్వాతి సంగతి అనుకున్నారు, అది ఒప్పుకోండి.

ఆంటీ: అది ఒప్పుకుంటా. ఆ మీటింగుల్లో నేనూ ఉన్నా, ఆ మాట ఎత్తితే "ఇప్పుడది కాదు" అనేవాళ్ళు, ఎప్పుడో మాత్రం ఎవరూ చెప్పలా. కానీ దానికి మందు ప్రెస్ వద్దనడం కాదు, మన భాషలో అట్లాంటిది లేకపోవడమే జబ్బు. చిన్నయసూరి నీతిచంద్రిక చదివిన తెలుగువాళ్ళకి ఈ ఫేబుల్స్ ఇంగ్లిష్ వాళ్ళకంటే బాగా ఎక్కుతాయి, మిత్రలాభం తెలిసినవాడికే కదా ఆవిడ దాన్ని ఎక్కడ మెలిపెట్టిందో తెలిసేది. నువ్వే వెయ్యి తెలుగులో.

అమ్మాయి: మా కంపెనీలో ప్రపోజల్ ఫామ్‌లో కేటగిరీ అని ఒక కాలమ్ ఉంటుంది, ఏం రాయమంటారు?

ఆంటీ: నీతికథలు అని రాయి.

అమ్మాయి: స్కూళ్ళు ఆర్డరిస్తాయి, తర్వాత తెరిచి చూసి రచ్చ చేస్తాయి, సేల్స్ వాళ్ళు నా మీద పడతారు, ఎండీ స్టాక్ వెనక్కి తెప్పించేస్తాడు.

ఆంటీ: స్టాక్ వెనక్కి తెప్పించని వాళ్ళెవరో చెప్పు, నేను ఇందాకట్నుంచి మాట్లాడేది వాళ్ళ గురించే.

అమ్మాయి: ఉన్నారే అనుకుందాం, వాళ్ళకి విజయవాడలో డిస్ట్రిబ్యూటర్ ఎవరు ఆంటీ?