లెక్క పెళ్లి రోజు నుంచి కాదు

విశాఖలో కొత్త జంట సింహాచలం బయల్దేరితే, కప్పస్తంభాన్ని కౌగిలించుకుని రమ్మని పెద్దవాళ్లు చెప్పి పంపుతారు. అక్కడ మొక్కుకుంటే సంతానం కలుగుతుందని నమ్మకం. ఆ నమ్మకంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతి జాప్యంతోనే. ఈ సంక్రాంతి దాకా చూద్దాం, వచ్చే శ్రావణం దాకా చూద్దాం అంటూ నాలుగేళ్లు గడిపేసి, అప్పుడు డాక్టర్ దగ్గరికి పరుగెత్తేవాళ్లున్నారు. పెళ్లయి ఆరు నెలలు తిరక్కుండానే ‘విశేషం ఏమైనా ఉందా’ అన్న ప్రశ్నకు తట్టుకోలేక, 24 ఏళ్ల అమ్మాయిని స్కానింగ్ సెంటర్ల చుట్టూ తిప్పేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ చేస్తున్న పొరపాటు ఒక్కటే. లెక్క పెళ్లి రోజు నుంచి మొదలుపెడుతున్నారు.

డాక్టర్లు చూసేది భార్య వయసు, నెలసరి తీరు, ఇద్దరూ నిజంగా కలిసి ఉన్న నెలలు. గర్భనిరోధకాలేవీ వాడకుండా, తరచూ కలుస్తూ ఏడాది గడిచినా నెల తప్పకపోతే పరీక్షలకు వెళ్లాలి. భార్యకు 35 దాటితే ఆరు నెలలు చాలు. 40 దాటితే ఆగే పనే లేదు. నూటికి 80 మందికి పైగా జంటలకు మొదటి ఏడాదిలోనే గర్భం నిలుస్తుంది. మిగిలినవాళ్లలో దాదాపు సగం మందికి రెండో ఏడాదిలో నిలుస్తుంది. కాబట్టి నెలసరి సక్రమంగా వస్తున్న 24 ఏళ్ల అమ్మాయిని ఆరో నెలకే కంగారు పెట్టడం అన్యాయం.

కలిసి ఉన్న నెలల లెక్క మన ఊరికి మరీ అవసరం. మర్చంట్ నేవీ, నౌకాదళం, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఐటీ ఉద్యోగం... భార్యాభర్తలు చెరో చోట ఉండే ఇళ్లు ఇక్కడ ఎన్నో. ఎనిమిది నెలల కాంట్రాక్టు ముగించుకుని భర్త రెండు నెలల సెలవు మీద ఇంటికొచ్చాడనుకుందాం. అండం విడుదలయ్యాక బతికేది 12 నుంచి 24 గంటలు. వీర్యకణాలు ఐదు రోజుల దాకా ఉండగలవు. అంటే నెలకు గర్భం నిలిచే అవకాశం ఉన్నవి ఆరు రోజులే. ఆ సెలవు మొత్తంలో దొరికేవి రెండు అవకాశాలు. ‘పెళ్లయి మూడేళ్లయింది, ఇంకా కాలేదు’ అని ఊరంతా అనే జంటకు నిజానికి ఏడాది ప్రయత్నం కూడా పూర్తయి ఉండకపోవచ్చు. అలాగని నిశ్చింతగా కూర్చోకూడదు. భర్త ఓడ మీద ఉన్నా భార్య వయసు ఆగదు. ఆమెకు 33, 34 ఉంటే వచ్చే సెలవులోనే ఇద్దరూ ఒకసారి డాక్టర్‌ను కలవడం మంచిది.

ఆ సెలవులో మొదట చేయించాల్సింది భర్త వీర్య పరీక్ష. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. అయినా మన ఇళ్లలో భార్యకు ట్యూబుల (అండవాహికల) పరీక్ష దాకా అయిపోయాక గానీ భర్త ల్యాబ్ మెట్లెక్కడు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే సరిపోయే పరీక్ష అది. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కనుక, ఆ మధ్యలో వచ్చిన గట్టి జ్వరం, ఇంజిన్ రూములోనో ఫర్నేస్ దగ్గరో తగిలిన వేడి రిపోర్టులో కనిపించవచ్చు. కౌంట్ తక్కువ వస్తే కుంగిపోనక్కర్లేదు, మూడు నెలలాగి మళ్లీ చేయించాలి. కండల కోసం జిమ్‌లో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే అది డాక్టర్‌కు చెప్పి తీరాలి. వీర్యకణాల ఉత్పత్తిని అది ఆపేయగలదు.

కొందరికి ఏడాది గడువు వర్తించదు. నెలసరి 35 రోజులు దాటి వస్తున్నా, అసలు రాకపోయినా, ఆ రోజుల్లో నొప్పి మంచం పట్టించేంత ఉన్నా ముందే వెళ్లాలి. ఎప్పుడో టీబీకి మందులు వాడినవాళ్లు ఆ సంగతి దాచకూడదు, ఆ జబ్బు ట్యూబులను మూసేయగలదు. మేనరికం చేసుకున్నవాళ్లు, పాడేరు, అరకు వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్న కుటుంబాలవాళ్లు ప్రయత్నం మొదలుపెట్టకముందే సలహా తీసుకోవాలి. భార్యాభర్తలిద్దరూ సికిల్ సెల్ వాహకులైతే, అంటే జబ్బు లేకున్నా దాని జన్యువు ఉన్నవాళ్లైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

వెళ్లడమంటే నేరుగా ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) సెంటర్‌కు అని కాదు. మామూలు గైనిక్ డాక్టర్ చాలు. సర్కారు ఆసుపత్రులైన కేజీహెచ్‌లోనైనా, పాతబస్తీ ఘోషాసుపత్రిలోనైనా ఓపీ చీటీతో మొదలుపెట్టవచ్చు. అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్షలో అంకె తక్కువుందని ఒక్క కాగితం చూపించి తొందరపెడితే ఇంకో డాక్టర్‌ను అడగండి. సహజంగా గర్భం వస్తుందో రాదో ఆ ఒక్క అంకె తేల్చదు. ఐవీఎఫే అవసరమైతే, ఇలాంటి సెంటర్ల నియంత్రణకు తెచ్చిన 2021 చట్టం కింద ఆ సెంటర్‌కున్న రిజిస్ట్రేషన్ చూపించమనండి. సరోగసీ (అద్దెగర్భం) బిడ్డంటూ దంపతులకు వేరేవాళ్ల బిడ్డను అప్పగించారన్న కేసు 2025 జులైలో హైదరాబాద్‌లో బయటపడింది, అందులో విశాఖ పేరూ వినిపించింది. ఏళ్లు గడిచి నిరాశలో ఉన్నవాళ్లే అలాంటి వలలకు తేలిగ్గా చిక్కుతారు.

మొదటిసారి వెళ్లేటప్పుడు గత నాలుగు నెలల నెలసరి తేదీలు రాసుకుని వెళ్లండి. భర్త తప్పకుండా వెళ్లాలి. అత్తగారు, అమ్మ ఎంత ప్రేమతో వెంట వచ్చినా కాసేపు బయట కూర్చోవాలి. ఎందుకంటే కొన్ని జంటల్లో సమస్య కలయిక దగ్గరే ఉంటుంది. నొప్పి, భయం, అంగస్తంభన లోపం... పెద్దల ముందు ఎవరూ నోరు విప్పలేని విషయాలివి. చికిత్స ఉన్నవే, డాక్టర్లు రోజూ వినేవే. ఆ ఇబ్బంది ఉన్నవాళ్లు ఏ గడువూ చూసుకోనక్కర్లేదు, ఈ వారమే వెళ్లొచ్చు.