"మన నీళ్లే అంత" అని ఇంకెన్నాళ్లు?

మా అనంతపురంలో ఎవరి పన్ను పుచ్చినా ముందు వచ్చే మాట ఒకటే: "ఏం చేస్తాం, మన నీళ్లే అంత." ఊహ తెలిసినప్పటి నుంచి నేనూ అదే అంటున్నాను. పోయిన నెల మా పాప దవడ పట్టుకుని రాత్రంతా ఏడ్చేసరికి ఆ మాట మీదే కోపం వచ్చింది. పోస్టు కొంచెం పొడుగే. చదివే ఓపిక లేకపోతే పిల్లల చేత బ్రష్ చేయించి పడుకోబెట్టండి, నాకదే చాలు.

పాపకు ఆరేళ్లు. నొప్పి కింది వరసలో చిట్టచివరి పంటికి. మా అమ్మ లవంగం నలిపి పెట్టి, "పాలపన్నేలేరా, ఎట్లాగూ ఊడిపోయేదే, దానికి డాక్టరెందుకు" అంది. నాకూ నిజమే అనిపించింది. పొద్దున్నే డాక్టరమ్మ నోట్లో లైటు వేసి చూసి, "ఇది ఊడేది కాదండీ, ముసలితనం దాకా ఉండాల్సింది" అంది. నాకు నోట మాట రాలేదు. ఆరేళ్ల ప్రాయంలో పైన రెండు, కింద రెండు దవడ పళ్లు, ఏ పన్నూ ఊడకుండానే పాలపళ్ల వెనకాల వచ్చేస్తాయట. ఏదీ ఊడలేదు కాబట్టి కొత్తది వచ్చిందని ఇంట్లో ఎవరికీ తెలీదు. బ్రష్షూ అంత వెనక్కి పోదు. మా పాపది వచ్చి ఏడాది కూడా కాకముందే పుచ్చింది. ఫిల్లింగుతో బయటపడ్డాం.

సరే, పాలపన్నే అనుకుందాం. వెనక పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అన్నేళ్లూ పిల్ల దేంతో నమలాలి?

ఇక నీళ్లు. మన బోరు నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువన్నది నిజమే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. 1990లలో సత్యసాయి నీళ్ల పథకం వచ్చేదాకా పల్లెల్లో ఎంతమంది ఆ బోరు నీళ్లే తాగారో మనకు తెలుసు. మా నాన్న పళ్ల మీద గోధుమరంగు చారలు వాటి గుర్తే. కానీ మచ్చల పన్ను వేరు, పుచ్చు పన్ను వేరు. మచ్చలు చిన్నప్పుడు, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడు తాగిన నీళ్లతో వస్తాయి. పుచ్చు బయటి నుంచి వస్తుంది. నోట్లోని బ్యాక్టీరియా చక్కెర తిని యాసిడ్ వదులుతుంది, అది పంటి పైపొరను కరిగిస్తుంది. (మా ఊళ్లో వాకుడుకాయ పొగ పెట్టి పంటి పురుగు తీస్తామనేవాళ్లు. పురుగూ లేదు, పాడూ లేదు.)

అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ జనానికీ మన మాదిరే మచ్చల పళ్లు ఉండేవి. మెకే అనే దంతవైద్యుడు ఏళ్ల తరబడి చూస్తే, ఆ పళ్లు మిగతావాళ్ల పళ్లకన్నా తక్కువ పుచ్చుతున్నాయి. ఆ మచ్చలకు కారణం నీళ్లలోని ఫ్లోరైడని 1931లో తేలింది, పుచ్చు తగ్గడానికీ అదే కారణమని తర్వాత తెలిసింది. మరీ ఎక్కువైతే పళ్లు గుంతలు పడి పెళుసెక్కుతాయి, ఎముకలూ దెబ్బతింటాయి, ఆ కష్టం వేరు. నేననేది, పాప పన్ను పుచ్చిన నేరం నీళ్ల మీద వేయలేమని.

మరి ఎవరి మీద వేయాలి? మా ఇంటి మీదే. బుడ్డల (వేరుశనగల) సీమ మనది. ఉత్త బుడ్డలు ఎన్ని తిన్నా పంటికి దిగులు లేదు. వాటిని బెల్లం పాకంలో వేసి చిక్కీ చేస్తేనే పళ్ల సందుల్లో అతుక్కుని గంటల తరబడి కూర్చుంటుంది. "బెల్లమేగా, మంచిదే" అంటారు. ఆ బ్యాక్టీరియాకు బెల్లమూ ఒకటే, చక్కెరా ఒకటే. పైగా ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నదే ఎక్కువ చేటు. తిన్న ప్రతిసారీ యాసిడ్ తగ్గి లాలాజలం పంటిని సర్దుకోవడానికి అరగంట పైనే పడుతుంది. మా పాప గంటకోసారి అంగడికి పోతుంటే ఇంక సర్దుకునేదెప్పుడు? రాత్రి బ్రష్ అయ్యాక చక్కెర పాలు తాగించి పడుకోబెట్టిందీ మేమే. నిద్రలో లాలాజలం కూడా తగ్గిపోతుంది.

"మనకు నీళ్లలోనే ఎక్కువ, మళ్లీ పేస్టులో కూడా ఫ్లోరైడా" అని మా బంధువుల్లో సగం మంది ఉత్త పేస్టు కొంటారు. డాక్టరమ్మను అడిగాను. పేస్టులోది పంటి పైనే పనిచేస్తుంది, మింగితేనే ఇబ్బంది అంది. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత, ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పక్కన పెద్దవాళ్లు ఉండాలంది. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) దాటకూడదు. ఎంతుందో ట్యూబు మీదే ఉంటుంది, కొనేముందు చూడండి.

ఇప్పుడు మా ఇంట్లో పాలు ముందు, బ్రష్ తర్వాత. చక్కెర బంద్. అక్కడిదాకా మా అమ్మ ఒప్పుకుంది. కానీ పేస్టు ఉమ్మేశాక నీళ్లతో పుక్కిలించకూడదు, ఆ కొంచెం పంటి మీదే ఉండాలి అన్నానా, రోజూ రాత్రి గొడవే. "నోరు కడుక్కోకుండా పడుకోవడమేందిరా, ఛీ" అని నేను అటు తిరగ్గానే మనవరాలి చేతికి చెంబు అందిస్తోంది.