ఏకదిశా నష్ట నమూనా గారికి పర్లాకిమిడి విన్నపం

అయస్కాంత క్షేత్రం ఒకే దిశలో సాగుతుందనుకుని, ట్రాన్స్‌ఫార్మరు చుట్లలో ఎంత కరెంటు వేడిగా వృథా అవుతుందో లెక్కగట్టే సూత్రమైన మహారాజశ్రీ ఏకదిశా నష్ట నమూనా గారి దివ్యసముఖానికి, పర్లాకిమిడి నుంచి నమస్కరించి వ్రాయునది.

మహేంద్రగిరి దిగువ పల్లెలకు వెళ్లవలసిన సౌర చార్జరును ఈ మధ్యాహ్నం పూర్తి లోడు మీద నిలిపితే, చల్లగా ఉంటుందని తమరు హామీ ఇచ్చిన ట్రాన్స్‌ఫార్మరులో సెకండరీ (కరెంటు బయటికిచ్చే చుట్ట) రాగి రేకు రెండు అంచుల దగ్గరా టేపు మాడి కమురు కొట్టింది. రేకు నడిమి భాగం మాత్రం తమరి మాట నిలబెడుతూ నిక్షేపంగా ఉంది.

తమరి విద్వత్తును శంకించడం లేదు. రాగిలో 50 హెర్ట్జ్‌ల వద్ద సుమారు 9 మిల్లీమీటర్ల లోతుకు దిగే కరెంటు, ఈ చార్జరు నడిచే లక్ష హెర్ట్జ్‌ల వద్ద 0.2 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుందనీ, మందపాటి రాగిని మూడు పొరలుగా చుడితే మూడో పొరలో ఒక ముఖాన మూడు పాళ్లు ముందుకూ, రెండో ముఖాన రెండు పాళ్లు వెనక్కీ పారి, మొదటి పొరకు 13 రెట్ల నష్టం తెస్తుందనీ నేర్పినది తమరే. ఆ మాట విని, పొరల భారం తగ్గాలని ప్రైమరీని (కరెంటు తీసుకునే చుట్టను) రెండుగా విడదీసి, సెకండరీని మధ్యన పెట్టాను.

అయితే తమరి లోకంలో అయస్కాంత క్షేత్రం పొరల వెంబడి, కోరు కిటికీ (అయస్కాంత దిమ్మెలో చుట్లు కూర్చునే ఖాళీ) ఈ కొస నుంచి ఆ కొస దాకా, గీత గీసినట్టు సాగుతుంది. అలా సాగాలంటే రేకు కిటికీ ఎత్తంతా నిండి ఉండాలి. షాకు కొట్టకుండా, చుట్లు చుట్టే అచ్చయిన బాబిన్ రెండు అంచుల్లోనూ కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ వదలడం ఈ వృత్తిలో ఆచారం. ఆ ఖాళీ దగ్గర క్షేత్రం వంగి రేకు వెడల్పు ముఖంలోకి గుచ్చుకుంటుంది, కరెంటు అంచుకు ఎగబడుతుంది. మనుషుల ప్రాణాల కోసం వదిలిన జాగాకు తమరి దగ్గరున్న మందు ఒక్కటే: కాగితం మీద రేకును కిటికీ ఎత్తుకు సాగదీసి, ఆ మేరకు దాని వాహకతను తగ్గించడం. వంగిన క్షేత్రం ఆ తగ్గింపు గుణకంతో నిటారవుతుందా? 1966లో తమరికి ప్రాణం పోసిన డోవెల్ గారు ఈ షరతుల మీదే సమీకరణం కట్టారు కనుక ఆయనతో నాకు పేచీ లేదు. షరతులను ఇంట్లో వదిలి, జవాబును మాత్రం మూడు దశాంశ స్థానాలతో ఊరేగిస్తున్నావే, సిగ్గుగా లేదా నీకు?

సన్నని పూత తీగలను పేనిన లిట్జ్ తీగ వాడమంటావు. బరంపురంలో అడిగితే ఫ్యాను వైండింగు తీగ చూపించారు. ఫైనైట్ ఎలిమెంట్ లెక్క చేసుకోమంటావు, 0.2 మిల్లీమీటర్ల లోతును గళ్లుగా కోసి కంప్యూటరు లెక్క ముగించేలోగా ఇక్కడ కరెంటు పోతుంది.

పొరల సంఖ్య, రేకు మందం తేల్చడానికి రేపు మళ్లీ తమరినే పిలుస్తాను, అంత త్వరగా చెప్పేవారు వేరొకరు లేరు. అంచుల సంగతి మాత్రం వేడిని కొలిచే థర్మోకపుల్ పెట్టి నేనే చూసుకుంటాను.