పేదల పంటికి పీకడమే మందా?

వైద్య సేవ కార్డు ఉన్న పేదవాడికి గుండె ఆపరేషన్ జరుగుతుంది. మూత్రపిండాలు చెడిపోతే డయాలసిస్ దొరుకుతుంది. ప్రమాదంలో దవడ ఎముక విరిగినా, నోట్లో క్యాన్సర్ పుండు లేచినా ప్రభుత్వమే ఖర్చు భరిస్తుంది. అదే నోట్లో పన్ను పుచ్చితే మాత్రం ఆ కార్డు అక్కరకు రాదు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్ మినహాయింపుల జాబితాలో పుచ్చు నింపడం, రూట్ కెనాల్ (పంటి లోపలి కుళ్లు తీసి పన్నును నిలబెట్టడం) చేయడం పేరుపేరునా ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ వచ్చిన మన ఆంధ్రప్రదేశ్ పథకం వైద్య సేవ కూడా ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సల చుట్టూనే అల్లుకుంది. పంటి వైద్యం రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, గంటలోపు చేసి ఇంటికి పంపేది. ఆ గంటకు డబ్బు ఎవరు కట్టాలన్నది ఇన్నేళ్లుగా ఏ పాలకుడూ తేల్చలేదు.

అందువల్లే నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో పంటి నొప్పి వచ్చిన కూలీకి ముందు లవంగ నూనె, తర్వాత మందుల దుకాణం మాత్ర, దవడ వాచాక ప్రభుత్వాసుపత్రి. అక్కడ దంత వైద్యుడు ఉంటే, ఆ రోజు కుర్చీ పనిచేస్తుంటే, పన్ను పీకి పంపిస్తారు. ఈ విషయంలో వైద్యులను నిందించలేం. ఎక్స్‌రే యంత్రం, నింపే సామగ్రి, పక్కన సహాయకుడు లేకుండా రూట్ కెనాల్ ఎవరూ చేయలేరు. పైగా అది సాధారణంగా రెండు మూడు సార్లు రావలసిన చికిత్స. ఉదయగిరి నుంచి నెల్లూరుకు సుమారు 100 కిలోమీటర్లు. రోజు కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని మళ్లీ మళ్లీ రావడం ఎవరి వల్ల అవుతుంది? 'పీకేయండి సార్' అని రోగే అడుగుతాడు. నిలబెట్టుకోదగిన పన్ను అలా చెత్తబుట్టలో పడుతుంది. నాలుగు పళ్లు పోయాక జొన్నరొట్టె నమలలేడు. చక్కెర వ్యాధి కూడా ఉంటే చిగుళ్ల జబ్బు దాన్ని, అది చిగుళ్లను మరింత పాడు చేస్తాయి.

ఈ ప్రాంతాన్ని ఏళ్లుగా పీడిస్తున్న మరో బాధ ఉంది. అది నీటిలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్. 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరోసిస్‌పై ఒక వ్యాసం వెలువడింది. మన దేశంలో మనుషులకు ఫ్లోరైడ్ చేస్తున్న కీడును వైద్యశాస్త్రం తొలిసారి నమోదు చేసింది ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోనివే. దాదాపు తొంభై ఏళ్లు గడిచినా కనిగిరి, పామూరు, మర్రిపూడి బడులలో గోధుమ రంగు చారలు, గుంటలు పడిన పళ్లతో పిల్లలు కనిపిస్తూనే ఉన్నారు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అంతకు మించి ఉంటే, పసితనంలో చిగురు కింద పళ్లు తయారవుతున్నప్పుడే పింగాణీ పొర దెబ్బతింటుంది. ఆ తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా పోయిన పొర తిరిగి రాదు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు రేపు ప్రతి ఇంటికీ అందినా, ఇప్పటికే పెద్దవాళ్లయిన తరానికి కావలసింది వైద్యం.

ఆ వైద్యం ఉంది. మరకలను తగ్గించవచ్చు, గుంటలు పూడ్చవచ్చు, పెళుసెక్కిన పన్నుకు తొడుగు వేయవచ్చు. కానీ పథకాల లెక్కలో అది 'అందం కోసం' చేసేది. ప్రభుత్వం సరైన నీళ్లు ఇవ్వలేకపోవడం వల్ల పళ్లు పాడైన అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే, పెళ్లిచూపుల్లో పెదవి విప్పడానికి జంకుతుంటే, దాన్ని అలంకారం అనడం అన్యాయం. ఈ పత్రిక ఆ మాటను ఒప్పుకోదు. ఫ్లోరోసిస్ పళ్లకు చేసే చికిత్సను ప్రభుత్వం చెల్లించవలసిన నష్టపరిహారంగా చూడాలి.

దంత వైద్యుల కొరత ఉందా అంటే, లేదు. ఒంగోలు, నెల్లూరు, కావలి వీధుల్లో దంత వైద్యశాలల బోర్డులకు కొదవ లేదు. దంత వైద్య డిగ్రీ బీడీఎస్ పూర్తి చేసిన యువ వైద్యులు చిన్న జీతాలకు పెద్ద క్లినిక్‌లలో పనిచేస్తున్నారు. ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు మాత్రం రాష్ట్రం మొత్తానికి విజయవాడ, కడపలలో రెండే. నెల్లూరులో ఉన్నది ప్రైవేటు కళాశాల. వైద్యులు ఒకచోట, అవసరం మరోచోట మిగిలిపోతుంటే కలపవలసింది ప్రభుత్వమే. సామాజిక ఆరోగ్య కేంద్రంలో దంత వైద్యుడు ఉండాలని కేంద్ర ప్రమాణాలు చెబుతున్నాయి. బడిపిల్లల ఆరోగ్య పరీక్షల కార్యక్రమంలో పుచ్చు పళ్లను గుర్తించడమూ ఒక భాగం. గుర్తించి చీటీ రాసిస్తే, ఆ చీటీ పట్టుకుని తండ్రి ఎక్కడికి వెళ్లాలి?

ప్రైవేటు క్లినిక్‌లను వైద్య సేవ నెట్‌వర్క్‌లో, అంటే పథకం కింద చికిత్స చేసే ఆసుపత్రుల జాబితాలో, చేర్చుకోవడం ఒక్కటే సరిపోదు. ఇంగ్లండ్‌లో 2006లో ప్రభుత్వ దంత వైద్యానికి కొత్త ఒప్పందం తెచ్చారు. చెల్లింపులు గిట్టుబాటు కాక ఎందరో వైద్యులు ప్రభుత్వ రోగులను చూడడం తగ్గించారు. అక్కడ నేటికీ కొత్త రోగిని చేర్చుకునే దంత వైద్యుడి కోసం జనం ఊళ్లు వెతుకుతున్నారు. మన దగ్గరా బకాయిలు అందలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేయడం 2024లో, 2025లో చూశాం. పెద్ద ఆసుపత్రులే తట్టుకోలేని ఆలస్యాన్ని ఒక్క కుర్చీతో నడిచే క్లినిక్ ఎలా భరిస్తుంది? ధర న్యాయంగా ఉండాలి, బిల్లు నెలలోపు అందాలి. లేకపోతే జాబితాలో పేర్లుంటాయి, తలుపులు మూసి ఉంటాయి.

నాణ్యత సంగతీ పట్టించుకోవాలి. పేదవాడికి మంచి వైద్యుడెవరో చెప్పేవారు లేరు కనుకనే చదువు లేనివాళ్లు తక్కువ ధరకు కట్టుడు పళ్లు అతికించి చిగుళ్లు కుళ్లబెడుతున్నారు. వైద్యుడి డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు గోడపై కనిపిస్తోందా, పరికరాలను ఒక్కో రోగికీ శుభ్రపరిచి సీలు విప్పి తీస్తున్నారా, రూట్ కెనాల్‌కు ముందు ఎక్స్‌రే తీశారా, పన్ను ఎందుకు తీయాలో, నిలబెట్టే వీలు ఉందో లేదో చెబుతున్నారా అన్నవి ఎవరైనా అడగదగిన ప్రశ్నలే. వీటిని చూసి, తనిఖీ చేసి, ఏ ఊరిలో ఏ క్లినిక్ ఏ చికిత్స ఉచితంగా చేస్తుందో తెలుగులో రాసి ప్రతి సచివాలయం గోడమీదా, ఆసుపత్రిలో పథకం రోగులకు దారి చూపే వైద్యమిత్ర బల్ల మీదా పెట్టడం అధికారుల పని.

తోటి దక్షిణాది రాష్ట్రాలు కొంత దారి చూపాయి. పేద వృద్ధులకు ఉచితంగా కట్టుడు పళ్లు ఇవ్వడానికి కేరళ 'మందహాసం' పెట్టింది, కర్ణాటక 'దంత భాగ్య' పెట్టింది. మన ప్రభుత్వం ఇంకొంచెం ముందుకు వెళ్లి పుచ్చు నింపడం, రూట్ కెనాల్, తొడుగు, కట్టుడు పళ్లు, ఫ్లోరోసిస్ పూడికలు ఈ అయిదింటినీ వైద్య సేవలో చేర్చాలి. కనిగిరి, దర్శి, పొదిలి, ఉదయగిరి ఆసుపత్రుల్లో ఖాళీగా ఉన్న దంత వైద్య పోస్టులు ఉంటే ముందు వాటిని నింపి, సామగ్రికి విడిగా నిధులు ఇవ్వాలి. రాష్ట్రమంతటికీ ఒకేసారి సాధ్యం కాదంటే ఫ్లోరైడ్ మండలాలతో మొదలుపెట్టాలి. వచ్చే బడ్జెట్‌లో దీనికి ఒక పద్దు ఉండాలని ఈ ప్రాంత శాసనసభ్యులు, పార్టీలతో నిమిత్తం లేకుండా, సభలో అడగాలి.