గాలికుంటు దాచిన రైతుకు జరిమానా సరే, చెప్పినవాడికి ఏమిస్తారు?

మా అనంతపురం వైపు సంతలో ఎద్దు కొనేవాడు ముందు పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, చివర్లో వంగి గిట్ట ఎత్తి చూస్తాడు. గిట్టల సందున పుండు కనిపిస్తే గాలికుంటు అనే అంటురోగం ఉందని మారుమాట లేకుండా పక్క ఎద్దు దగ్గరికి పోతాడు. అమ్మేవాడు తక్కువ తిన్నాడా, ఆ రోగానికి నోట కారే చొంగను పొద్దున్నే టవలుతో తుడిచి మరీ తెచ్చుంటాడు. నేరమే, కాదనను. కానీ వాడితో ఆ పని చేయిస్తున్నదెవరు?

పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో కేంద్రం చట్టం చేసింది. మందలో రోగం కనిపిస్తే యజమాని గ్రామాధికారికో పంచాయతీకో చెప్పాలి, రోగమున్న పశువును సంతకు తేకూడదు, నియంత్రిత ప్రాంతమని ప్రకటిస్తే ఊరు దాటించకూడదు. తప్పితే వెయ్యి రూపాయల దాకా జరిమానా, కట్టకపోతే నెల దాకా జైలు. ఎద్దుల జత లక్ష పలికే రోజుల్లో వెయ్యికి భయపడేదెవరండీ? దాచితే పోయేది వెయ్యి, అదీ దొరికితేనే. చెబితే మాత్రం పాలు ఆగుతాయి, బేరం పోతుంది, పక్కింటివాళ్లు కూడా మన దొడ్డి వైపు రారు.

బ్రూసెల్లా అనే ఇంకో అంటురోగం సంగతి మరీ ఘోరం. ఆవు ఈసుకుపోతుంది, అంటే నెలలు నిండకుండానే దూడను పడేస్తుంది, పచ్చిపాలతో మనిషికీ అంటుతుంది, పశువులో దానికి నమ్మకమైన వైద్యం లేదు. పరీక్షలో ఉందని తేలిన ఆవును అమ్మితే తప్పు, ఇంట్లో ఉంచుకుంటే ముప్పు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఇంటికి చిల్లర తెచ్చేది ఆ ఆవొక్కటే అయితే, ఆ రైతు పరీక్షకు రక్తం ఇస్తాడా? నేనైతే ఇవ్వను.

రోగముందని చెప్పిన రైతుకు పరిహారమంటే దొంగ లెక్కలు పుడతాయని అధికారులంటారు. పుడతాయేమో. మరి 12 అంకెల చెవి ట్యాగు ఎందుకు వేస్తున్నట్టు? 2019లో మొదలైన టీకాల కార్యక్రమంలో గాలికుంటు సూది వేసినా, ఆడదూడలకు 4 నుంచి 8 నెలల మధ్య బ్రూసెల్లా సూది వేసినా రాసుకునేది ఆ ట్యాగు నంబరు మీదే కదా. లెక్క రాసుకోవడానికి పనికొచ్చిన ట్యాగు, డబ్బులిచ్చే దగ్గరికొచ్చేసరికి పనికిరాదా?

అసలు మన సీమలో ఏ నష్టమైనా ఇంతే. పంట ఎండితే రైతే రుజువు చేయాలి, బోరు ఎండితే రైతే రుజువు చేయాలి, ఇన్సూరెన్స్ కట్టిన ఆవు చచ్చినా చెవికి ట్యాగు లేకపోతే క్లెయిమ్ లేదు. ముళ్లకంపకు తగులుకుని ట్యాగు తెగిపోతే అదీ రైతు తప్పే! చెక్‌పోస్టులు, క్వారంటైన్ క్యాంపులు పెట్టొచ్చని ఇదే చట్టంలో ఉంది. ఎమ్మిగనూరు జాతరకు కర్ణాటక ఎద్దులు కూడా వస్తాయి. బళ్లారి వైపు నుంచి వచ్చే లారీని ఆపి ఎద్దు నోరు తెరిచి చూడాల్సింది ప్రభుత్వం, మరి అక్కడ జరిమానా ఎవరికి వేయాలి?

ఒకప్పుడు పశువుల మందలనే తుడిచిపెట్టిన ముసర వ్యాధిని (రిండర్‌పెస్ట్) దేశం నుంచి తరిమేశాం, 2011 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయింది. ఆ పని చేసింది ఇంటింటికీ వచ్చిన సూది, ఊరూరా తిరిగి పెట్టిన నిఘా. రోగముందని ముందుగా చెప్పిన రైతుకు పాలు ఆగిన రోజులకు డబ్బు, ఆవును తీసేయాల్సొస్తే దాని ఖరీదు ఇస్తామని రైతు సేవా కేంద్రం గోడ మీద రాయండి. టవలుతో చొంగ తుడిచిన ఆ మనిషే మర్నాడు పశువైద్యుడి కోసం గేటు దగ్గర కాచుకుని కూర్చుంటాడు.